స్నేహితురాళ్ళు చెన్నై వస్తున్నారట: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నీ స్నేహితురాళ్ళు ఐదుగురూ వచ్చే శనివారం పొద్దున్నే చెన్నైలో దిగుతున్నారనీ, అందరికీ తిరువాన్మియూరులో నీ అద్దె ఇంట్లోనే బస అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ జీతంతో తీసుకున్న ఇంటికి నువ్వే నలుగుర్నీ పిలిచి అన్నం పెడతానంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే మీరు వేసుకున్న పట్టిక చదివి వినిపించింది. మహాబలిపురం, టీ నగర్, మెరీనా, రెండో ఆట సినిమా, మళ్ళీ ఆదివారం మైలాపూరు, బెసంట్ నగర్. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పట్టికలో సగం కొట్టెయ్యి. చెన్నైలో రోజుకి రెండే పనులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఫ్యాను కింద ఉండండి. ఆ ఊరి ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే తలనొప్పి పట్టుకుంటుంది. మజ్జిగలో ఉప్పు వేసి పెట్టుకో. అయినా స్నేహితులు వచ్చేది ఊరు చూడ్డానికి మాత్రమే కాదు కదా! చాపలు పరుచుకుని కబుర్లు చెప్పుకునే ఆ మధ్యాహ్నమే వాళ్ళకి ఎక్కువ గుర్తుంటుంది.

టీ నగర్ మానెయ్యండి. శనివారం సాయంత్రం రంగనాథన్ వీధిలో ఆరుగురు కలిసి నడవడం జరగని పని. ఒకరు గాజుల దగ్గర ఆగితే మిగతావాళ్ళు జనంలో కొట్టుకుపోతారు, ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడానికే గంట పడుతుంది.

నీళ్ళ సంగతి. ఆరుగురు, రెండు రోజులు, మనిషికి రోజుకి మూడు లీటర్లు అనుకున్నా తాగడానికే ముప్ఫై ఆరు లీటర్లు. వంటకి వేరే. ఇరవై లీటర్ల క్యాన్లు మూడు శుక్రవారమే వేయించుకో, ఆదివారం ఫోన్ చేస్తే రాకపోవచ్చు. మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి, మనుషులు వస్తున్నారని చెప్పి ఉంచు. స్నానాలగది ఒకటే కాబట్టి ఇద్దరు రాత్రే స్నానం చేసి పడుకోవాలి.

ఆదివారం టిఫినుకి గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, ఆరుగురికి ఒక పూట సరిపోతుంది. ఆ వేడికి పిండి ఆరేడు గంటల్లోనే పొంగుతుంది. గిన్నెలో సగానికి మించి పొయ్యకు, ఉప్పు పొద్దున కలుపు. డికాక్షను కూడా రాత్రే వేసి పెట్టుకో. ఆరేడు చెంచాలు నిండుగా పొడి వేసి, పైన బిళ్ళ తేలిగ్గా ఆనించి, మరిగిన నీళ్ళు నిదానంగా పొయ్యి. బిళ్ళని గట్టిగా నొక్కితే చుక్క దిగదు. అప్పుడు ఫిల్టరు మీద కోపం తెచ్చుకుని ఇన్‌స్టంటు కాఫీ కలిపి ఇవ్వకు తల్లీ.

శనివారం సాయంత్రం మైలాపూరు వెళ్ళండి. ఆటోల బేరం వద్దు. తిరువాన్మియూరు స్టేషనులో లోకల్ రైలెక్కితే ఇందిరా నగర్, కస్తూర్బా నగర్, కోట్టూర్‌పురం, గ్రీన్‌వేస్ రోడ్డు, మందవెల్లి దాటాక తిరుమయిలై వస్తుంది. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్ళీ తెరుస్తారు, నాలుగున్నరకి చేరితే చాలు. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో కాసేపు కూర్చోబెట్టు. ఆ పేరు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిదని ఆ పిల్లలకి చెప్పు. అమృతాంజనం ఆయనదే, 1914లో మద్రాసులో ఆంధ్రపత్రికని దినపత్రికగా నడిపిందీ ఆయనే. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది మైలాపూరులోని ఆయన ఇంట్లో. పొట్టి శ్రీరాములు గారు 1952లో దీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లు కూడా ఆ చుట్టుపక్కలే, రాయపేట హైరోడ్డు మీద ఉంది. మన రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలు అంత దగ్గర దాకా వెళ్ళి అది చూడకుండా రావడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

ఆదివారం తెల్లవారుజామున మహాబలిపురం వెళ్ళండి, పదకొండుకల్లా తిరిగి రండి. పంచ రథాలు, తీరాలయం ఎండెక్కక ముందే చూడాలి. కానీ అక్కడా, మెరీనాలోనూ, బెసంట్ నగర్‌లోనూ సముద్రం పాదాల దాకానే. చీలమండ దాటి లోపలికి పోవద్దు. ఎన్నాళ్ళనుంచో గుంపులుగా వచ్చే పిల్లలు చేసే పొరపాటు ఒకటే. ఒకరు మోకాలి దాకా వెళతారు, "ఏం కాలేదు, రండి" అంటారు. ఆ తీరంలో ఇసుక ఏటవాలుగా దిగుతుంది. మోకాలి దాకా ఉన్న చోటు నుంచి రెండడుగులు వేస్తే నడుము దాటుతుంది. వెనక్కి పోయే అల కాళ్ళకింది ఇసుకని లాగేస్తుంది. తడిసిన జీన్సు బరువుతో లేవలేరు.

దానికన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. ఒడ్డుకి వచ్చిపడిన నీళ్ళు తిరిగి పోవాలి కదా, అవి ఇసుకదిబ్బల మధ్య సందు చూసుకుని ఒక్కచోటునుంచే లోపలికి ఉరుకుతాయి. అక్కడ అలలు విరగవు, నీళ్ళు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తాయి, నురుగు లోపలికి పోతూంటుంది. పక్కన అలలు ఎగిసిపడుతుంటే ఇక్కడ ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ ప్రవాహం కిందికి ముంచదు, దూరంగా లాక్కుపోతుంది. భయంతో ఒడ్డుకేసి ఎదురీది, అలిసిపోయి మునుగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి చెయ్యెత్తి ఊపాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అలలతోపాటు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకాలే దూకకూడదు, చేతులు పట్టుకుని వరసగా దిగకూడదు. మూత బిగించిన ఖాళీ సీసానో, తాడునో విసిరి, జాలర్లని కేకేసి, 112కి ఫోన్ చెయ్యాలి.

బెసంట్ నగర్ ఇసుకలో తెల్లటి కట్టడం ఒకటుంది, అందరూ దానిముందు ఫొటోలు దిగుతారు. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి స్మారకం అది. ఓడల మీద బతికినవాడినే ఆ నీళ్ళు వదల్లేదు. మైపాడు తీరంలో నాలుగేళ్ళ నువ్వు నీళ్ళకేసి పరిగెడుతుంటే మీ అమ్మ నీ గౌను అంచు పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడు నీ గౌను పట్టుకునేవాళ్ళు లేరు, ఐదుగురికి నువ్వు పెద్దదానివి. "నువ్వు భయపడతావ్" అని వాళ్ళు నవ్వితే నవ్వనీ. నేను తిట్టానని చెప్పు.

ఖర్చులన్నీ ఒకరే పెట్టి రాసుకుని, ఆదివారం మధ్యాహ్నమే తేల్చుకోండి. సెంట్రల్‌కి రెండు గంటల ముందు బయల్దేరండి. రాత్రి బండికి పెరుగన్నం పొట్లాలు కట్టు. అన్నం బాగా చల్లారాక పాలెక్కువ, పెరుగు తక్కువ కలిపితే రాత్రికి పులవదు.

శుక్రవారం బాబాయి చెన్నై వస్తున్నాడు, గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. తడి గరిటె పెట్టకు. మహాబలిపురం నుంచి ఇల్లు చేరగానే ఒక్క ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ
నెల్లూరు