ముప్పు అని రాసే ముందు

అమ్మడూ,

వాతావరణ మార్పు వల్ల దేశ భద్రతకు ఏమవుతుందో తేల్చే పనిలో చేరుతున్నావనీ, మొదటి నివేదిక నువ్వే రాయాలనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషంలో కాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. తర్వాత భయమేసింది. నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

లెక్కలు రెండుసార్లు సరిచూసుకో. మ్యాపుల మీద తేదీ వెయ్యి. ఉపగ్రహ చిత్రం చూసి ఊరుకోక ఆ చోటికి వెళ్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

సైన్యం సంగతి రాయడం తేలికే. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనాక్ హిమానీ సరస్సు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గర ఆనకట్ట కొట్టుకుపోయింది. వంతెనలు పోయాయి, సైనికులు గల్లంతయ్యారు. ఎదుటివాడు ఒక్క తూటా పేల్చలేదు. ఇది ఎవరికైనా ఒక్క పేజీలో అర్థమవుతుంది. చిక్కంతా మనుషుల గురించి రాసేటప్పుడే.

నీ వయసులో నేనూ ఒక నివేదిక రాశాను. నది కోతకు పొలాలు పోయి జనం కట్టుబట్టలతో కదిలారు. నీళ్లు, నీడ కావాలని రాస్తే ఫైలు కదలదని నాకు తెలుసు. అందుకని తెలివిగా ‘ఈ వలస శాంతిభద్రతలకు ముప్పు’ అని రాశాను. ఫైలు నిజంగానే కదిలింది. వారం తర్వాత వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకర్ లేదు, చెక్‌పోస్టు ఉంది. వరసలో మా నాన్న వయసాయన చొక్కాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పొలం దస్తావేజు మడతలు విప్పాడు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఎక్కడుందయ్యా ఇది?” అన్నాడు. ఆయన చెయ్యి చాపి నది మధ్యకు చూపించాడు. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మాట రాసింది నేనేనని నోరు విప్పలేదు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నీకే.

నీకు తొందరెక్కువ, పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు మొదలుపెట్టేదానివి. అందుకే ఈ భయం. కరవొచ్చింది, యుద్ధమొచ్చింది అని ఒక్క గీతలో తేల్చెయ్యకు. సిరియాలో 2006 నుంచి ఏళ్ల తరబడి కరవు, 2011లో అంతర్యుద్ధం మొదలైంది. నిజమే. కానీ ఆ కరవు పక్క దేశాలనూ తాకింది, అన్నిచోట్లా యుద్ధం రాలేదు. 1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌ను భోలా తుపాను కొట్టింది. కనీసం 3 లక్షల మంది పోయారని అంచనా. అప్పటికే పశ్చిమ పాకిస్తాన్ పాలకుల వివక్ష మీద జనం మనసు రగులుతోంది, పైగా సాయం ఆలస్యమైంది. మరుసటి నెల ఎన్నికల్లో ఆ కోపం కనిపించింది, ఏడాది తిరిగేసరికి యుద్ధం జరిగి బంగ్లాదేశ్ అనే కొత్త దేశం పుట్టింది. గాలివాన ఎంత వేగంతో వీచిందో ఎలాగూ రాస్తావు. సాయం ఎన్నో రోజుకు చేరిందో కూడా కనుక్కుని రాయి.

చిత్తుప్రతి నాకు పంపు, ఎర్ర పెన్ను వెతికి పెట్టుకుంటా. బురదలో జారని బూట్లు కొనుక్కో, డబ్బులు నేనిస్తా. నేను భయపడ్డానని మాత్రం మీ అమ్మతో అనకు.

మీ మామయ్య