కుడివైపు నడిచే దేశంలో రెండు రోజుల సైకిల్ యాత్ర

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇటీవలే వాహనాలు రోడ్డుకు కుడివైపున నడిచే దేశానికి వచ్చాను. ఇల్లు, ఆఫీసు తప్ప మరేమీ చూడలేదు, భాషా అంతంతమాత్రమే. రెండు రోజులు సైకిల్‌పై తిరిగి రావాలని ఉంది గాని, దారి తప్పుతానేమో, ప్రమాదం జరుగుతుందేమో అని జంకుతున్నాను. ఒంటరిగా వెళ్లడం సబబేనా?

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. దారి తప్పడం గురించి అంతగా బెంగపడనక్కరలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ పటం ఆధారంగా పనిచేసే యాప్‌లలో ఆ ప్రాంతపు పటాన్ని ముందే దించుకుంటే నెట్ లేకపోయినా దారి కనిపిస్తుంది. మీరు జాగ్రత్త పడవలసింది మీ అలవాటు విషయంలోనే. రద్దీలో అందరి వెంటా వెళతాం కనుక పొరపాటు జరగదు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి వచ్చినప్పుడో, టీ తాగి మళ్లీ సైకిలెక్కినప్పుడో మనసు తనంతట తానే ఎడమ పక్కకు లాగుతుంది. రోడ్డెక్కేటప్పుడు మీకు దగ్గరగా వచ్చే వాహనాలు అక్కడ ఎడమవైపు నుంచి వస్తాయి కాబట్టి ముందు ఎడమకు, తర్వాత కుడికి, మరొకసారి ఎడమకు చూడండి.

ఇంతకంటే తక్కువ మంది గమనించేది బ్రేకు. మన సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి పడుతుంది. మీరున్నటువంటి దేశాల్లో అమ్మే సైకిళ్లలో చాలావాటికి ముందు బ్రేకు ఎడమచేతికి ఉంటుంది. దిగుడులో వెనక బ్రేకు అనుకుని ఎడమచేతిని గట్టిగా బిగిస్తే ముందు చక్రం ఆగిపోయి, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడే ప్రమాదముంది. కొన్ని సైకిళ్లకైతే వెనక బ్రేకు చేతిలోనే ఉండదు, పెడల్‌ను వెనక్కి తొక్కాలి. అద్దె సైకిలైనా, కొన్నదైనా ఖాళీ స్థలంలో ఒక్కొక్క బ్రేకే పట్టి చూశాకే రోడ్డెక్కండి. ట్యూబు వాల్వు సన్నగా, కొసన చిన్న నట్టుతో ఉంటే ఆ నట్టును వదులు చేయకుండా గాలి ఎక్కదు; మీ పంపు దానికి సరిపడేదో కాదో ఇంట్లోనే తేల్చుకోవాలి.

దారి విషయానికొస్తే, నది ఒడ్డున సాగేదో, రైళ్లు మానేసిన పాత రైలు మార్గాన్ని సైకిళ్ల కోసం బాగు చేసినదో దొరికితే మరోమాట లేకుండా ఎంచుకోండి; రైలు నిట్టనిలువు ఎత్తులు ఎక్కలేదు గనుక అటువంటి దారిలో చడావు మోకాళ్లను బాధించదు. సామానుతో గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే మంచి వేగమే. రోజుకు 40 కిలోమీటర్లంటే తొక్కేది మూడు గంటల లోపే అయినా మధ్యలో ఆగడం, చూడడం కలిపి పగలంతా పడుతుంది; మొదటి యాత్రకు అంతకు మించవద్దు. దారికి దగ్గరలో రైలు స్టేషన్లుంటే అలసిపోయినా, వాన పట్టుకున్నా తిరిగి రావచ్చు, కాని కొన్ని రైళ్లలో సైకిల్‌కు వేరే టికెట్ కావాలి, కొన్నింటిలో రద్దీ వేళల్లో ఎక్కనివ్వరు.

సామాను వీపున వద్దు, కేరియర్‌కు రెండు పక్కలా కిందికి కట్టండి. 1884లో పెద్ద చక్రం సైకిల్‌పై ప్రపంచయాత్రకు బయలుదేరిన థామస్ స్టీవెన్స్ మేజోళ్లు, ఒక అదనపు చొక్కా, గుడారంగా కూడా పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వర్ తీసుకుపోయాడు. చివరిది మినహాయిస్తే మీ రెండు రోజులకూ దాదాపు అంతే చాలు. పంక్చర్ సరంజామా, అదనపు ట్యూబు మాత్రం చేర్చుకోండి.

భాష రాకపోవడం మీరనుకున్నంత అడ్డు కాదు. సంచులు కట్టిన సైకిల్‌ను చూస్తే మీరేం చేస్తున్నారో ఎదుటివారికి చెప్పకుండానే తెలుస్తుంది, తరచుగా వారే ముందు పలకరిస్తారు. రాత్రి బస చేసే చోటి పేరు, చిరునామా అక్కడి లిపిలో కాగితం మీద రాయించి జేబులో ఉంచుకోండి. అత్యవసర నంబరు ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా 112. మీది మరో దేశమైతే అక్కడిదేదో అడిగి రాసుకోండి. ఇక ఒంటరితనమంటారా, మీ దారినీ, తిరిగి వచ్చే వేళనూ ఆఫీసులో ఒకరికి చెప్పి వెళ్లండి, సాయంత్రం బసకు చేరగానే వారికి ఒక సందేశం పంపండి.