ఇంటిపేర్లు వేరు, అయినా అన్నాచెల్లెళ్లే

ప్రశ్న: మా దగ్గర ఒక గోండు సంబంధం మాటల్లోనే ఆగిపోయింది. ఇంటిపేర్లు వేరు, దగ్గరి చుట్టరికమూ లేదు. అయినా వరస కాదన్నారు. ఎందుకని?
- ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు

జవాబు: వాళ్లు చూసేది ఇంటిపేరును కాదు, సగను, అంటే కొన్ని ఇంటిపేర్లు కలిసిన వంశ సమూహాన్ని. ఆదిలాబాద్ రాజ్‌గోండుల ఇంటిపేర్లన్నీ నాలుగు సగల్లోకి వస్తాయి: నాల్వెన్, సివెన్, సార్వెన్, యేర్వెన్. అంటే 4, 5, 6, 7. మూలపురుషులైన అన్నదమ్ములు ఎందరో ఆ లెక్క అది. ఇదే లెక్కతో సగను తెలుగులో 'ఏడు దేవతల వాళ్లు' అనడమూ వింటాం. ఒక సగలోని వాళ్లంతా ఆ అన్నదమ్ముల సంతానమే కాబట్టి వాళ్లలో వాళ్లకు పెళ్లి కుదరదు. మెస్రం వాళ్లది ఏడు. ఏడులోనే ఉన్న మరో ఇంటిపేరుతో వాళ్లు వియ్యమందరు. మిగతా మూడింట్లో ఏదైనా సరే.

సగ తండ్రి నుంచి వస్తుంది. తల్లి వేరే సగ నుంచి వచ్చింది గనుక మేనమామ కూతురు ఎప్పుడూ పరాయి సగే, వరసే. మేనత్త కూతురూ అంతే. చిన్నాన్న పిల్లలది మన సగే. చిక్కల్లా పిన్ని పిల్లలతోనే. పిన్ని భర్తది మూడో సగ అయితే సగ నియమం అడ్డు రాదు. కానీ పిన్ని తల్లి వరస కాబట్టి ఆమె పిల్లలు తోబుట్టువులే. అందుకే సగ ఒక్కటే చూసి తృప్తి పడకూడదు, పిలుపు వరసా చూడాలి.

ఇంటిపేరు విని సగను ఊహించుకుంటే పొరపాటు పడతారు. ఒకే ఇంటిపేరు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల వైపు వేరే లెక్కలోకి రావచ్చు. గోండుల వంశగాథలు కిక్రి అనే తీగల వాద్యం వాయిస్తూ పాడే పర్ధాన్లకూ ఇవే ఇంటిపేర్లుంటాయి, అయినా రెండు తెగల మధ్య పెళ్లిళ్లు ఉండవు. అనుమానం ఉంటే వంశపు పూజారి కటోడనో, వాళ్ల పర్ధాన్‌నో అడగడం మేలు.

ప్రశ్న: పెళ్లయ్యాక అమ్మాయి ఏ దేవతల కిందికి వస్తుంది?

జవాబు: మెట్టినింటి దేవతల కిందికి. అయితే పెళ్లితోనే అది పూర్తి కాదు. ఉదాహరణకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వాళ్లు హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి జలం తెచ్చి, పుష్య అమావాస్య రాత్రి తమ నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. అప్పుడే తెల్లచీర కట్టిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్నే భేటింగ్ అంటారు. అది జరగని కోడలికి నాగోబా పూజలో చోటుండదు.

ప్రశ్న: మరి పుట్టింటి ఆస్తిలో వాటా?

జవాబు: 1956 హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. దీన్ని చూపించి 'మీకు వాటా లేదు' అంటారు. కానీ 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, కూతురికి వాటా లేదనే ఆచారం ఉన్నట్టు అవతలివాళ్లు రుజువు చేయలేదంటూ, ఆమె వారసులకు సమాన వాటా ఇవ్వాలని తీర్పిచ్చింది. కాబట్టి 'మన ఆచారం ఇంతే' అన్న మాట ఒక్కటే విని హక్కు వదులుకుంటూ కాగితం మీద సంతకం పెట్టవద్దు.