జెల్ ఊడిపోతోందా? బిస్ పెంచే ముందు ఒక్క రాత్రి ఆగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కడపలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. గాజు స్లైడు మీద పాలీఅక్రిలమైడ్ జెల్, అందులో డీఎన్‌ఏ ప్రైమర్లు, అంటే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు. సీక్వెన్సింగ్‌లో (డీఎన్‌ఏ అక్షరాలు చదవడంలో) లాగా 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తూ, కడుగుతూ, మళ్లీ కారకాలు పోస్తూ సైకిళ్లు నడపాలి. పది పదిహేను సైకిళ్లకే జెల్ ఉబ్బి అంచుల దగ్గర లేచిపోతోంది. జెల్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసే బిస్ అక్రిలమైడ్ పెంచితే ఆగుతుందా అని అడిగారు.

ఆగదు. అనంతపురంలో పాలిమర్ కెమిస్ట్రీ చదివే రోజుల్లో నేనూ అదే చేశాను. అక్రిలమైడ్, బిస్ నిష్పత్తిని 19:1 నుంచి 9:1కి తెచ్చాను. జెల్ బలపడలేదు, తెల్లబడింది. మొత్తం మోనోమర్‌లో (గొలుసులుగా అతుక్కునే చిన్న అణువుల్లో) బిస్ వాటా 5 శాతం దాటిందంటే అది ఒకచోట ముద్దలుగా చేరుతుంది, రంధ్రాలు చిన్నవి కాకపోగా పెద్దవవుతాయి. వేలితో నొక్కితే బొరుగుల ఉండలా విరిగింది. పైగా అక్రిలమైడ్ లాగే బిస్ కూడా అమైడే, క్షారానికి అదీ లొంగుతుంది.

అసలు దొంగ చాలావరకు ఆ క్షారమే. పీహెచ్ 8 దాటిన బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో), వేడి మీద, అమైడ్ గుంపులు కొద్దికొద్దిగా కార్బాక్సిలేట్‌లుగా మారిపోతాయి. అవన్నీ రుణావేశాలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, నీళ్లను లోపలికి లాగుతాయి. 1977లో డీఎన్‌ఏ చదివే సాంగర్ పద్ధతి వచ్చిన కాలంలో ఈ బాధ పెద్దగా లేదు. యూరియా కలిపిన ఆ పల్చటి జెల్ ఒక్క పూట నిలబడితే చాలు, ఎక్స్‌రే ఫిల్మ్ మీద బొమ్మ తీసుకుంటే దాని పని అయిపోయేది. ఇప్పుడు ఇల్యూమినా సీక్వెన్సింగ్ యంత్రాల్లో పెట్టే గాజు పలకలో (ఫ్లో సెల్‌లో) ఉన్నదీ అక్రిలమైడ్ వంశపు పూతే గానీ, రెండు వైపులా 150 అక్షరాలు చదవాలంటే 300 సైకిళ్లు తట్టుకోవాలి.

నేను మోసపోయిన కథ ఒకటి చెబుతాను, మీకూ జరగవచ్చు. వేసవిలో కరెంటు పోయి డిస్టిల్డ్ వాటర్ అయిపోతే కొళాయి నీళ్లతోనే జెల్ కడిగాను. బోరు నీళ్లు, బకెట్ అంచుకు తెల్లగా సున్నం కట్టే రకం. విచిత్రం, అస్సలు ఉబ్బలేదు! మూడు రోజులు చూశాను, అలాగే ఉంది. సమస్య తీరిపోయిందని మా సీనియర్ అక్కకు టీ కూడా ఇప్పించాను. నాలుగో రోజు డీఎన్‌ఏ జెల్‌లకు వాడే టీబీఈ బఫర్‌లో వేస్తే సాయంత్రానికి రెండింతలైంది. నీళ్లలోని కాల్షియం ఆ కార్బాక్సిలేట్‌లను జతలు జతలుగా పట్టి ఉంచిందన్నమాట. టీబీఈలో లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ ఉంటుంది కదా, అది కాల్షియాన్ని లాగేసింది. జెల్ ఎప్పుడో చెడిపోయింది, సున్నం దాన్ని దాచిందంతే. పొలంలో తేమ కోసం వేసే హైడ్రోజెల్ పొడి బోరు నీళ్లను తక్కువ పీల్చేదీ ఇందుకే. మన జిల్లాల్లో ఈ ప్రయోగానికి కొళాయి నీళ్లు ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి.

కాబట్టి ముందు ఒక పరీక్ష. ప్రైమర్ కలపని జెల్ ముక్కలు రెండు తీసుకుని, ఒకటి పీహెచ్ 7లో, ఇంకొకటి పీహెచ్ 9లో, ఉప్పు రెండింటిలో సమానంగా ఉంచి, 60 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయండి. పొద్దున అద్ది తూచండి. తర్వాత రెండింటినీ మిథిలీన్ బ్లూలో ముంచి బాగా కడగండి. ఆ రుణావేశాలు రంగును పట్టుకుంటాయి కాబట్టి చెడిన ముక్క నీలం వదలదు. ప్రైమర్ ఉన్న జెల్‌తో చేయకూడదు, డీఎన్‌ఏ కూడా ఆ రంగును పట్టుకుంటుంది.

9లో వేసిన ముక్కే ఉబ్బి నీలం పట్టుకుంటే అక్రిలమైడ్ బదులు డైమిథైల్ అక్రిలమైడ్ వాడండి. క్షారాన్ని చాలా బాగా తట్టుకుంటుంది. సన్నటి గాజు గొట్టాల్లో డీఎన్‌ఏ చదివే క్యాపిలరీ సీక్వెన్సర్లలోనూ ఈ రకం పాలిమర్ వాడారు, అక్కడ గాజు గోడకు తనంతట తాను అంటుకునే గుణం కూడా పనికొచ్చింది.

రెండూ ఒకేలా ఉంటే తప్పు గాజు దగ్గరో, పోత దగ్గరో ఉంది. గాజుకూ జెల్‌కూ అతుకు వేసే మెథాక్రిలేట్ సైలేన్ పూయకుండా జెల్ గాజును పట్టుకోదు. పూసే ముందు గాజు మీద నీళ్లు చుక్కలు కట్టకుండా పరుచుకోవాలి, అంత శుభ్రం కావాలి. జెల్ ఎంత మందంగా ఉంటే ఉబ్బినప్పుడు అంత బలంగా గాజును వదిలించుకుంటుంది. మిల్లీమీటరు మందం పోస్తున్నారేమో చూసుకోండి, పదో వంతు చాలు.

పోత సంగతి మన ఎండలకు ప్రత్యేకం. 42 డిగ్రీల మధ్యాహ్నం, జెల్ గట్టిపడటాన్ని వేగవంతం చేసే టెమెడ్ వేస్తే కలిపేలోపే గడ్డకడుతుంది, గొలుసులు పొట్టిగా, అడ్డదిడ్డంగా వస్తాయి. మేము మే నెలలో తెల్లవారుజామున ఐదున్నరకే పోసేవాళ్లం, బీకరును మట్టికుండ నీళ్లలో పెట్టి. మరీ చల్లబెట్టినా ఇబ్బందే, ఆక్సిజన్ ఎక్కువ కరిగి పాలిమరీకరణను ఆపుతుంది. ముందు వాక్యూమ్‌లో గాలి తీసేయండి. పాలిమరీకరణను మొదలుపెట్టే అమ్మోనియం పర్‌సల్ఫేట్ పొడి మీద నీళ్లు పోస్తే చిటపటమనాలి. చప్పుడు లేకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

గ్లవ్స్ లేకుండా మోనోమర్ ముట్టుకోకండి, అది నరాలకు విషం. తూకం లెక్కలు, జెల్ మందం, బఫర్ పీహెచ్ ఇక్కడే పెడితే ఆదివారం చూసి చెబుతాను.