ఆ తుప్పు మరకలు తుడవవచ్చునా?

ప్రశ్న: గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరైన నాకు, అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి అక్కడి పాతకాలపు వ్యాగన్ నమూనా ఒకటి పంపాడు. పొడవు 14 సెంటీమీటర్లు. నారింజరంగు పక్కల మీద ‘పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్’ అని ఉంది. పైకప్పుకు నాలుగు మూలలా మూతలు, రెండు చివర్ల కింద తుప్పు మరకలు ఉన్నాయి. ఆ మూతలు దేనికి? మరకలను తడిగుడ్డతో తుడవవచ్చునా? — ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: దయచేసి తుడవకండి. ఆ మరకలను తయారుచేసినవారు కావాలనే వేశారు, వాటికి కారణం మీరడిగిన మూతల్లోనే ఉంది.

యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ రైల్వేలు కలిసి 1906లో నెలకొల్పిన ఈ సంస్థ, పడమటి రాష్ట్రాల పండ్లను, కూరగాయలను దూరప్రాంతాల మార్కెట్లకు చల్లగా చేరవేసేది. వ్యాగన్‌లో శీతల యంత్రం లేని ఆ రోజుల్లో రెండు చివర్లా అరలు కట్టి, పైకప్పు మూతలు తెరిచి వాటిలో మంచుగడ్డలు నింపేవారు. రెండింటిలో కలిపి సుమారు 5 టన్నులు పట్టేది. దారిలో మంచు కరిగిపోతుంది కనుక, కొన్ని స్టేషన్లలో వ్యాగన్ పైకప్పంత ఎత్తున పొడవాటి అరుగులు కట్టి, పనివాళ్ళు వాటి మీద నుంచే గడ్డలను లోపలికి తోసేవారు. కరిగిన నీరు అరల అడుగునుంచి పట్టాల మీదికి కారేది. చలువ పెరగడానికి మంచులో ఉప్పు కలిపినప్పుడు ఆ ఉప్పునీరు కింది ఇనుమును తినేసేది. మీ నమూనాలో తుప్పు చివర్ల కిందే ఉండడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది, ఎందుకంటే అసలు వ్యాగన్‌ను శ్రద్ధగా పరిశీలించినవారికి తప్ప ఆ చోటు తట్టదు.

40 అడుగుల వ్యాగన్‌ను 1:87 నిష్పత్తిలో తగ్గిస్తే సరిగ్గా మీరు చెప్పిన పొడవే వస్తుంది. అది ఏ కాలానిదో తెలియాలంటే భూతద్దంతో పక్కల మీది చిన్న అక్షరాలు చూడండి. తయారైన తేదీతో పాటు, ఖాళీ వ్యాగన్‌ను మళ్ళీ తూచిన తేదీ కూడా ఉండవచ్చు. అలాంటి రాతలు గార్డుగా మీకు కొత్త కావు. నమూనా చూపే కాలాన్ని ఆ రెండో తేదీనిబట్టి అంచనా వేయాలి. అడుగున బ్రేకు సిలిండరు, గాలి తొట్టి, వాల్వు మూడూ విడివిడిగా ఉంటే అది 1930ల్లో వచ్చిన ‘ఏబీ’ బ్రేకు.

దుమ్ము పడితే పొడిగా ఉన్న మెత్తని నీటిరంగుల కుంచెతో, పైకప్పునుంచి కిందికి, నెమ్మదిగా దులపండి. తుప్పు రంగును చాలామంది పొడితో అద్దుతారు కనుక నీరు గానీ స్పిరిట్ గానీ తగిలితే అది చెదిరిపోతుంది. ఎత్తేటప్పుడు వెంట్రుకంత సన్నని నిచ్చెనమెట్లను ముట్టుకోకుండా, పెట్టెను నడుమ పట్టుకోండి.