ప్రచారం చేస్తామంటే పాట రాసిచ్చేయాలా?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. పాటలు నేనే రాసి, బాణీ కట్టి పాడతాను. సొంత డబ్బుతో రికార్డు చేయించి నాలుగు పాటలు నా యూట్యూబ్ ఛానల్లో పెట్టాను. వాటిలో ఒకటి మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడే బాణీలో రాసింది. ఇప్పుడొక సంస్థ వీటికి మార్కెటింగ్ చేస్తామని, ఇరవై వేలు అడ్వాన్సు ఇస్తామని ఒప్పందం పంపింది. 'సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని అందులో ఉంది. సంతకం పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ కాగితం మీద పెట్టకండి. ముందే అడిగి మంచి పని చేశారమ్మా. నా దగ్గరికొచ్చే గాయకుల్లో ఎక్కువమంది సంతకం అయిపోయాకే వస్తారు.

పొలం కౌలుకివ్వడం వేరు, రిజిస్ట్రేషన్ చేసివ్వడం వేరు. ప్రచారం చేసేవాళ్ళకు కౌలు చాలు. దాన్నే లైసెన్సు అంటాం. వాళ్ళు పంపింది అసైన్‌మెంటు, అంటే అమ్మకం. దాని మీద సంతకం పడితే మీ ఛానల్లోని మీ పాట మీదే 'ఇది మాది' అని వాళ్ళు కాపీరైట్ క్లెయిమ్ వేయగలరు.

'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు ఊరికే పెట్టలేదు. కాపీరైట్ చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే ఇచ్చిన హక్కు 5 ఏళ్ళే ఉంటుంది, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. ఆ రెండు రక్షణలూ మీకు దక్కకుండా చేయడానికే ఆ మాటలు.

ఒక్కటి మాత్రం వాళ్ళు రాయించుకున్నా చెల్లదు. పాటను వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, అంటే రాయల్టీలో, పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి హక్కులు తీసుకున్నవాళ్ళతో సమానంగా వాటా ఉంటుంది. 2012 సవరణ తర్వాత 18వ సెక్షన్ ప్రకారం ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ వదులుకోలేరు. అయితే లెక్కలు అడిగి ఆ డబ్బు రాబట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) ఏ ఒప్పందానికైనా ముందే సభ్యత్వం తీసుకోండి.

ఇక మీరు అడగని సంగతి. ఆ కాగితం చివర్లో, 'పాట మొత్తం నా సొంత సృష్టి, ఎవరైనా కేసు వేస్తే నష్టం నేనే భరిస్తాను' అని ఉంది. నాలుగింటికీ కలిపి అలా రాసిస్తే అమ్మ బాణీ విషయంలో అది నిజం కాదు. తరాలుగా పొలాల్లో పాడుకుంటున్న ఆ బాణీకి యజమాని లేరు, మీరు రాసిన చరణాలు మాత్రం మీవే. 'బాణీ సంప్రదాయ జానపదం, సాహిత్యం నాది' అని విడిగా రాయించండి. లేదంటే బాణీ కూడా తమదేనని వాళ్ళు నమోదు చేసుకుంటే, రేపు మీ అమ్మ పాడిన వీడియో మీద కూడా క్లెయిమ్ పడొచ్చు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే.

అడ్వాన్సు అంటే ఊరికే ఇచ్చే డబ్బు కాదు, తర్వాత మీ వాటాలోంచే కోసుకుంటారు. ప్రచారం ఖర్చు కూడా కోస్తారేమో అడిగి, ఎంతవరకో అంకె వేయించండి. స్టూడియో రసీదులు దాచుకోండి. రికార్డింగుకు నిర్మాత మీరేనని చూపించడానికి అవే ఆధారం.

వాళ్ళకు ఇలా రాయండి: 'నాలుగు పాటల పేర్లతో, మూడేళ్ళకు లైసెన్సు ఇస్తాను. హక్కులు, ఛానల్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటాయి. మూడు నెలలకోసారి లెక్క చూపాలి.' దీనికి ఒప్పుకుని కొత్త కాగితం పంపేదాకా అడ్వాన్సు ఖాతాలో వేయించుకోకండి.