సింప్సన్స్ టైమ్‌లైన్ చార్ట్‌లో సంవత్సరాలు తీసేయండి

అమెరికన్ కార్టూన్ సీరియల్ 'ది సింప్సన్స్'లో భార్యాభర్తలైన హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో కలిశారని ఒక ఎపిసోడ్, 1990ల్లో ఇంకా పెళ్లికాని జంట అని 2008 నాటి ఎపిసోడ్ చెబుతుంటే చార్ట్‌లో ఏది వేయాలని అడిగారు కదా. రెండూ వేయండి, సంవత్సరాలు మాత్రం కొట్టేయండి.

ఇందులో కదలనిది వయసు, తేదీ కాదు. 1989లో సిరీస్ మొదలైనప్పుడు వాళ్ల కొడుకు బార్ట్‌కి 10, కూతురు లీసాకి 8, ఇప్పటికీ అంతే. 'ఇప్పుడు' ముందుకు జరిగేకొద్దీ తల్లిదండ్రుల యవ్వనం కూడా దాని వెనకే జరగాలి. లేదంటే హోమర్ డెబ్భైకి దగ్గరపడి, పదేళ్ల కొడుకుని స్కూలుకి పంపుతుండాలి!

అందుకే ఫ్లాష్‌బ్యాక్‌లని 'బార్ట్ పుట్టకముందు', 'పుట్టాక' అని రెండు వరసల్లో పెట్టండి. మళ్లీ వెనక్కి తిప్పలేని సంఘటనలని మాత్రం ప్రసారమైన క్రమంలోనే ఉంచండి. పొరుగింటి మాడ్ ఫ్లాండర్స్ 2000లో చనిపోయింది, మళ్లీ బతకలేదు. గొంతు ఇచ్చిన మార్షా వాలెస్ 2013లో పోయాక టీచర్ క్రబాపెల్ పాత్రనీ ముగించారు. కొట్టు నడిపే అపూకి ఒకే కాన్పులో ఎనిమిది మంది పుట్టారు. బార్ట్ మాత్రం నాలుగో తరగతి దాటలేదు, అది వేరే సంగతి.

హాలోవీన్ ఎపిసోడ్‌లు అసలు కలపకండి. భవిష్యత్తు చూపించేవి కూడా వద్దు, వాటిలో వాటికే పొంతన ఉండదు.